పాట పాడేముందు అట్టపెట్టె అడుగు చూడండి
(టెక్సాస్, డాలస్ ప్రాంతంలోని తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ రాసి ఒక కాగితం చేతికిచ్చారు. అవన్నీ బిరుదులతో సహా చదివితే పది నిమిషాలు. నాకిచ్చిందే అరగంట. పెద్దలు మన్నించాలి.

నాకిచ్చిన అంశం, వదిలేసిన స్టోరేజ్ యూనిట్లు, అంటే జనం సామాను దాచుకోవడానికి అద్దెకి తీసుకునే గదులు, వేలంలో కొని అందులో సామాను అమ్ముకోవడం. కరపత్రంలో దాని కింద "తక్కువ పెట్టుబడి, ఎక్కువ లాభం" అని కూడా వేశారు. ఆ ముక్క నాది కాదు. "వదిలేసిన" అన్న మాట మీద కూడా నాకు పేచీ ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఒక హెచ్చరిక. ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు ఇది చేయకూడదు. కొని అమ్మి లాభం తీసుకోవడం పని చేయడం కిందికే వస్తుంది, మీ స్టేటస్‌కే ముప్పు. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకీ, హెచ్-4 మీద వచ్చిన భార్యాభర్తల్లో పని అనుమతి కార్డు ఉన్నవాళ్లకీ అడ్డు లేదు. అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపుని కాదు.

సరే, అసలు గది వేలానికి ఎలా వస్తుంది? అద్దె కట్టడం ఆగుతుంది. ఆఫీసువాళ్లు అద్దెదారు తాళం పక్కనే తమ తాళం ఇంకొకటి వేస్తారు, దాన్నే ఓవర్‌లాక్ అంటారు. టెక్సాస్‌లో ఇదంతా ప్రాపర్టీ కోడ్ 59వ అధ్యాయం ప్రకారం నడవాలి. ముందు అద్దెదారుకి నోటీసు. అది పంపాక బాకీ తీర్చడానికి 14 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే వరసగా రెండు వారాలు, వారానికొకసారి పత్రికా ప్రకటన. మొదటి ప్రకటన పడిన 15వ రోజుకి ముందు అమ్మకూడదు. అమ్మకం జరిగే క్షణం దాకా అద్దెదారు వచ్చి బాకీ, ఖర్చులు కట్టి తన సామాను తాను విడిపించుకోవచ్చు. అందుకే మీరు వారం రోజులు కళ్లు కాయలు కాచేలా చూసిన గది ఆఖరి గంటలో జాబితాలోంచి మాయమవుతుంది. కోపం తెచ్చుకోకండి. ఎవరో తమ సామాను దక్కించుకున్నారు.

ఇప్పుడు వేలం పాటలు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. స్టోరేజ్ ట్రెజర్స్, స్టోరేజ్ ఆక్షన్స్ లాంటి సైట్లలో మేనేజర్ గుమ్మంలో నిలబడి తీసిన కొద్దిపాటి ఫోటోలు పెడతారు. లోపలికి ఎవరూ వెళ్లరు, పెట్టె విప్పరు. మన బాలాపూర్ లడ్డూ పాడుకునేవాళ్లకి కనీసం అది లడ్డూ అనీ, 21 కిలోలనీ తెలుసు. ఇక్కడ అదీ తెలియదు.

కాబట్టి ఉన్న ఫోటోనే చదవాలి. అందరి కళ్లూ పైనున్న టీవీ మీదికి పోతాయి. మీరు కింద వరస పెట్టెలు చూడండి. ఫోటో పెద్దది చేసి, నేలకి ఆనిన అట్టపెట్టె అడుగు చూడండి. రెండు మూడంగుళాల ఎత్తున టీ ఒలికి ఆరినట్టు గోధుమరంగు గీత కనిపిస్తోందా? పెట్టె నడుం కూలి, పైవి ఒక పక్కకి ఒరిగాయా? అయితే ఎప్పుడో నీళ్లొచ్చాయి. ఆ పెట్టెల్లో పుస్తకాలుంటే ఇటుకలైపోయి ఉంటాయి, బట్టలుంటే బూజు. నేల మీద నల్ల గింజల్లాంటివి కనబడితే ఎలుకలు. సోఫాలో అవి కాపురం పెట్టాయనే లెక్క వేసుకోండి.

ఒకే సైజు పెట్టెలు, నీటుగా టేపు, పక్కన మార్కర్‌తో రాత ఉంటే, సర్దినవాళ్లకి ఆ వస్తువుల మీద శ్రద్ధ ఉందని అర్థం. నల్ల చెత్త సంచులంటే చాలావరకు బట్టలే. గది మధ్యలో ఖాళీ, దుమ్ములో ఈడ్చిన చారలు కనబడితే, విలువైనవి ముందే పట్టుకెళ్లి ఉంటారు. ఏసీ లేని గదైతే డాలస్ ఎండాకాలం గుర్తు పెట్టుకోండి. గ్రామఫోన్ రికార్డులు వంగిపోతాయి, కొవ్వొత్తులు కారతాయి, ఆల్బంలో ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. గుండ్రటి డిస్క్ తాళం ఉంటే లోపల బంగారముందని ఒక నమ్మకం. దానికి కట్టర్ పట్టదు, గ్రైండర్‌తో కోయాలి, నిజమే. కానీ చాలాచోట్ల ఆఫీసు కౌంటర్లో అమ్మేది ఆ తాళమే. దాన్ని చూసి పాట పెంచకండి.

ఇక డబ్బు. ఉదాహరణకి 10 బై 10 గది, ఎనిమిదడుగుల ఎత్తు, అంటే 800 ఘనపుటడుగులు. 400 డాలర్లకి మీ పాట ఖాయమైంది. దాని మీద వేలం సైటువాళ్లు వేసుకునే ప్రీమియం 15 శాతం అనుకుందాం, 60. ట్రక్కు, ఇన్సూరెన్స్, పెట్రోలు 90. డంపుకి, అంటే ఊరి చెత్తకుప్పకి, రెండు లోడ్లు 100. పెట్టెలు, బబుల్ చుట్ట, టేపు 40. మొత్తం 690. ఇది కాక గది శుభ్రం చేసేదాకా ఆఫీసు దగ్గర డిపాజిట్, మామూలుగా వంద. సామాను 1,200కి అమ్మారనుకోండి, అందులో సగం ఆన్‌లైన్‌లో. సైటు ఫీజులు సుమారు 80 పోతే చేతికొచ్చేది 1,120. మిగిలింది 430. ఖాళీ చేయడానికి రెండు రోజులు, విడదీయడానికి ఒక రోజు, ఫోటోలు, ప్యాకింగ్, "చివరి ధర ఎంత" అని అడిగేవాళ్లకి జవాబులు ఇంకో రెండు రోజులు. కలిపితే 40 గంటలు. గంటకి పదిన్నర డాలర్ల పైచిలుకు. దాని మీద ఆదాయపు పన్ను, 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కూడా ఉన్నాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. మంచి గది తగిలితే లెక్క మారుతుంది, కాదనను. కానీ పాట పాడేముందు ఈ లెక్క కాగితం మీద వేయనివాడికి మంచి గది తగిలినా తెలియదు.

ఈ పని చేయగలవాళ్లు టెక్సాస్ కంప్ట్రోలర్, అంటే రాష్ట్రం పన్నులు చూసే ఆఫీసు దగ్గర సేల్స్ టాక్స్ పర్మిట్ తీసుకోండి. దానికి ఫీజు లేదు. తిరిగి అమ్మడానికే కొంటున్నానని చెప్పే రీసేల్ సర్టిఫికెట్, ఫారం 01-339, స్టోరేజ్ ఆఫీసులో ఇస్తే కొన్నప్పుడు పన్ను పడదు. లేకపోతే 8.25 శాతం దాకా, అంటే 400 మీద 33. మీరు నేరుగా అమ్మినప్పుడు వసూలు చేసి కట్టాలి, అది వేరే.

గది చేతికొచ్చిన క్షణం మీ తాళం వేయండి. ఖాళీ చేయడానికి మామూలుగా 48 నుంచి 72 గంటలు. "మంచివి నేను తీసుకుంటాను, చెత్త మీరే చూసుకోండి" అంటే కుదరదు. చీపురుతో ఊడ్చి ఇవ్వాలి. వాళ్ల డంప్‌స్టర్‌లో, అదే చెత్త తొట్టిలో, ఒక్క సంచి వేసినా డిపాజిట్ గల్లంతు. అన్నిటికంటే దెబ్బతీసేవి పరుపులు, టైర్లు, ఫ్రిజ్‌లు, పెయింటు డబ్బాలు. టెక్సాస్‌లో చెత్తకుప్పల దగ్గర ముక్కలు చేయని టైరు తీసుకోరు, కారు బ్యాటరీ అసలే తీసుకోరు. బ్యాటరీ విడిభాగాల షాపులో ఇచ్చేయవచ్చు. ఫ్రిజ్‌లో గ్యాస్ పద్ధతిగా తీయించాలి. ఫోటోలో మూడు పరుపులు కనిపిస్తే మీ పాట అక్కడే తగ్గించండి. పిల్లల తొట్టెల్లో పక్కనుండే కటకటాలు కిందికి జారేవి 2011 జూన్ 28 నుంచి అమ్మడం నిషేధం, గరాజ్ సేల్‌లో కూడా. విరగ్గొట్టి పారేయండి. తుపాకీ దొరికితే చేత్తో తీయకండి, ఆఫీసుకి చెప్పి పోలీసుల్ని పిలవండి. మందులు దొరికితే, అవి పడేయడానికి ఫార్మసీల్లో డబ్బాలు ఉంటాయి. హార్డ్ డిస్కులు, ఫోన్లు తుడవకుండా అమ్మకండి.

ఇప్పుడు ఆ "వదిలేసిన" దగ్గరికి వస్తాను. నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు, చూశాను.

చికాగోలో వివియన్ మేయర్ అని ఒకావిడ. పిల్లల్ని చూసుకునే ఆయాగా బతికింది. మెడలో కెమెరాతో వీధుల్లో తిరుగుతూ ఫోటోలు తీసేది, ఎవరికీ చూపించేది కాదు. స్టోరేజ్ అద్దె ఆగిపోయింది. 2007లో ఆవిడ సామాను వేలానికి వచ్చింది. జాన్ మాలూఫ్ అనే కుర్రాడు తమ పేట గురించి రాస్తున్న పుస్తకానికి పాత ఫోటోలేమైనా దొరుకుతాయేమోనని ఒక పెట్టెడు నెగటివ్‌లు 400 డాలర్ల లోపు పాడుకున్నాడు. పుస్తకానికి పనికొచ్చేవి దొరకలేదు, పక్కన పడేశాడు. తర్వాత స్కాన్ చేస్తే తెలిసింది, ఇరవయ్యో శతాబ్దపు గొప్ప వీధి ఫోటోగ్రాఫర్లలో ఒకరి పని తన అల్మరాలో ఉందని. టీవీ వాళ్లయితే కథ ఇక్కడ ఆపేసి చప్పట్లు కొట్టిస్తారు. నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి. ఆ పాట జరిగిన రోజున ఆవిడ బతికే ఉంది! అదే ఊళ్లో ఉంది. 2009 ఏప్రిల్‌లో పోయింది. అతను కవరు మీద పేరు పట్టుకుని వెతికేసరికి మరణవార్త కనిపించింది. ఆవిడ ఏం వదిలేసినట్టు? జీవితమంతా తీసినవి. అద్దె కట్టలేకపోయింది, అంతే.

వ్యాపారం చేసేవాళ్లకి అందులోనే ఇంకో పాఠం. నెగటివ్ కొన్నంత మాత్రాన కాపీరైట్ రాదు. కాగితం మీది, హక్కు వారసులది. మేయర్ ఫోటోల మీద 2014లో కోర్టు తగాదా మొదలై, ఆవిడ పోయాక మిగిలిన ఆస్తిని చూసే ఎస్టేట్ దాకా వెళ్లింది. గదిలో ఎవరి ఉత్తరాలో, కథల రాతప్రతో దొరికితే అచ్చేసి అమ్ముకోవచ్చనుకోకండి.

అమ్మా, అయ్యా, చికాగో దాకా ఎందుకు? ఇక్కడ చదువుకునే మన పిల్లల సంగతి చూడండి. మే నెలలో అపార్ట్‌మెంట్ లీజు అయిపోతుంది. నలుగురూ కలిసి 5 బై 10 గది తీసుకుని సామాను పడేస్తారు. ఒకడు ఉద్యోగానికి ఇంకో రాష్ట్రం, ఒకడు వీసా స్టాంపింగ్‌కి ఇండియా. గది ఒకడి పేరు మీద, కార్డు ఇంకొకడిది. కార్డు గడువు తీరుతుంది. నోటీసు పాత అపార్ట్‌మెంట్‌కి పోతుంది, లేదా డిగ్రీ అవగానే మూసేసిన యూనివర్సిటీ ఈమెయిల్‌కి. రెండు మూడు నెలల్లో గది పాటకి వస్తుంది. అందులో ఏముంటుంది? ప్రెషర్ కుక్కర్, రైస్ కుక్కర్, పరుపు. పరుపు కింద ఒక ప్లాస్టిక్ ఫోల్డరు. ఫోల్డర్లో పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, బీటెక్ ఒరిజినల్ డిగ్రీ, పాత పాస్‌పోర్టు. కొన్నవాడికి తెలుగు రాదు, మెమో అంటే ఏమిటో తెలియదు. కుక్కర్ ఐదు డాలర్లకి పోతుంది, ఫోల్డరు డంపుకి పోతుంది. ఆ పిల్లవాడు ఇండియాలో పోలీసు రిపోర్టు, నోటరీ అఫిడవిట్, ఫీజు అంటూ డూప్లికేట్ల చుట్టూ తిరుగుతాడు.

కాబట్టి కొనేవాళ్లకి నా విన్నపం. మొదటి గంటలో ఏదీ పారేయకండి. ఒక ఖాళీ పెట్టె పెట్టి దాని మీద "కాగితాలు" అని రాయండి. ఫోటోలు, సర్టిఫికెట్లు, ఐడీలు, అస్థికల పాత్ర, పెళ్లి ఆల్బం ఏది కనబడినా అందులోకి. వేలం నిబంధనల్లో ఇలాంటివి ఆఫీసుకి తిరిగివ్వాలనే ఉంటుంది, చదవరు. భారత పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. ఆఫీసు తీసుకోకపోతే హ్యూస్టన్ కాన్సులేట్‌కి పంపండి. తెలుగు చదవగలిగిన మనమే ఆ ఫోల్డరు గుర్తుపట్టకపోతే ఇంకెవరు పడతారండీ?

పోగొట్టుకున్నవాళ్లకి ఒక మాట. మీ గది బాకీ కంటే ఎక్కువకి పోతే, ఆ మిగులు డబ్బు మీదే. టెక్సాస్‌లో అమ్మిన తేదీ నుంచి రెండేళ్లలోపు అడగాలి. అడక్కపోతే అది స్టోరేజ్ యజమానికి చెందుతుంది. కాలిఫోర్నియాలో ఏడాది తర్వాత కౌంటీ ఖజానాకి పోతుంది. రెండు వేల బాకీ గది మూడు వేలకి పాడితే ఖర్చులు పోగా మిగిలింది మీది. ఒక్క ఉత్తరం రాయాలి, అంతే. సైన్యంలో పనిచేస్తున్నవాళ్ల సామానైతే కోర్టు ఉత్తర్వు లేకుండా అమ్మనే కూడదు.

అమ్మకం గురించి చెప్పడానికి రెండు నిమిషాలే ఉంది. చేతి పనిముట్లు, ఇనప పెనాలు, లెగో, పనిచేసే కుట్టుమిషన్లు సులువుగా పోతాయి. చెక్క డైనింగ్ బల్లలు, పింగాణీ సెట్లు, ఎన్‌సైక్లోపీడియాలు ఎవరికీ అక్కర్లేదు. ఈబేలో "అడిగిన ధర" కాదు, "అమ్ముడైనవి" నొక్కి చూడండి. బరువైనవి ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఇక్కడికిక్కడే. మిగిలిన చిల్లరంతా డాలస్‌కి తూర్పున కాంటన్ సంతకి పట్టుకెళ్లండి. ప్రతి నెలా మొదటి సోమవారానికి ముందు గురువారం నుంచి ఆదివారం దాకా జరుగుతుంది. వెండి చెంచా అనిపిస్తే వెనక 925 అనో, స్టెర్లింగ్ అనో ముద్ర ఉందా చూడండి. కొవ్వొత్తి స్టాండు అడుగున "వెయిటెడ్" అని ఉంటే లోపలంతా సిమెంటు లాంటిదే, తూకం చూసి మురిసిపోకండి.

ప్రశ్నలు తర్వాత. ముందు అందరూ ఫోన్లు తీయండి. స్టోరేజ్ గది ఉన్నవాళ్లు ఆ ఖాతా తెరిచి మూడు చూడండి: ఏ ఈమెయిల్ ఉంది, ఏ చిరునామా ఉంది, కార్డు గడువు ఎప్పుడు. పిల్లలు వేరే ఊళ్లో చదువుతుంటే వాళ్లకి ఇప్పుడే ఫోన్ చేసి, ఫోల్డరు ఎక్కడ పెట్టావని అడగండి. నేను ఆగుతాను.