వీణ పాఠంలో గురువు చెవి చేసే పని

[తెరపై: వీణ మెట్లు దగ్గరగా. ఎడమచేతి రెండు వేళ్లు తీగ మీద ఉన్నాయి.]

నమస్కారం. తీగల కింద అడ్డంగా ఉన్న ఈ కడ్డీలే మెట్లు. ఒకే మెట్టు మీద రెండుసార్లు మీటుతాను. కళ్లు మూసుకుని వినండి.

[శబ్దం: మొదటిసారి స్వరం పైకి ఎక్కుతుంది. రెండోసారి పై నుంచి కిందికి జారుతుంది.]

మొదటిది ఎక్కింది, రెండోది దిగింది. నా వేళ్లు మాత్రం ఆ మెట్టు వదలలేదు.

తీగను మెట్టు మీద పక్కకు లాగితే బిగువు పెరిగి స్వరం హెచ్చుతుంది. ఎంత లాగినా హెచ్చుతుందే తప్ప తగ్గదు. మరి దిగడం ఎలా? మీటకముందే తీగను చప్పుడు లేకుండా లాగి పట్టుకోవాలి. అప్పుడు మీటి, మెల్లగా వదలాలి. ఈ ముందు లాగుడు వినేవారికి వినబడదు, చూసేవారికి కూడా కనబడీ కనబడనట్టు ఉంటుంది. వీణను గురువు దగ్గర కూర్చుని ఎందుకు నేర్చుకోవాలని అడిగేవారికి నేను ముందుగా చూపించేది ఇదే.

[తెరపై: పూర్తి వీణ. కుడివైపు బుర్ర, ఎడమ తొడ మీద ఆనిన సొరకాయ బుర్ర, 24 మెట్లు.]

మా ఇంటికి పాఠానికి వచ్చే ఒక పదేళ్ల పాప ఒకసారి కొత్త గీతం వాయించి వినిపించింది. ఇంట్లో వీడియో చూసి తానే నేర్చుకుంది. స్వరాలన్నీ ఉన్నాయి, తాళం కూడా తప్పలేదు. కానీ దిగాల్సిన ప్రతి చోటా ముందు ఎక్కి, ఆ తర్వాత దిగుతోంది. "అమ్మా, ఇక్కడ ఒక్కసారి ఆగు. మీటే ముందు నీ వేలు ఎక్కడుంది?" అని అడిగాను. పాప తన వేలు వంక చూసుకుంది. "మెట్టు మీదే ఉంది మేడం" అంది. "లాగి ఉందా, వదిలి ఉందా?" అంటే జవాబు లేదు. తన వేలి మీద నా వేలు పెట్టి, ఎంత లాగాలో ఆ బరువు తెలిసేలా పట్టుకున్నాను. నాలుగోసారికి స్వరం తిన్నగా దిగింది. ఆ క్షణంలో ఆ పాప ముఖం చూడటం కోసమే నేను పాఠాలు చెబుతున్నానేమో అనిపిస్తుంది.

వయొలిన్‌కు మెట్లు ఉండవు. వేలు కాస్త తప్పినా అపస్వరం వెంటనే చెవిన పడుతుంది. వీణకు మెట్లు ఉన్నాయి కాబట్టి మొదటి నెలల్లో స్వరం దానంతటదే సరిగా పలుకుతుంది. మొదట నేర్పే మాయామాళవగౌళ రాగంలో స నుంచి రి పక్క మెట్టే. అక్కడి నుంచి మూడో మెట్టు గ, దాని పక్కనే మ. ప, ద, ని, పై స కూడా అదే వరుసలో ఉంటాయి. సరళీ స్వరాలు, జంట వరుసలు అనే తొలి పాఠాలు ఇలా హాయిగా సాగిపోతాయి. పిల్లలకు వీణ వచ్చేసిందని తల్లిదండ్రులు అనుకునేది ఈ దశలోనే. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, మొదలయ్యాక మెట్టు సాయం చాలదు. తోడి రాగంలో గాంధారాన్నే తీసుకోండి. పుస్తకంలో అది ఒకే అక్షరం, 'గ'. వీణ మీద అది ఒకచోట నిలవదు, ఊగుతూ ఉంటుంది. ఎంత ఊగాలి, ఎంత వేగంగా ఊగాలి అన్నది రాసి ఇవ్వగలిగే విషయం కాదు. వినిపించి, వాయింపించి, మళ్లీ వినాలి.

[శబ్దం: తోడి గాంధారం. ముందు కదలకుండా, తర్వాత గమకంతో.]

కాకినాడలో పుట్టిన వీణ విద్వాంసులు చిట్టిబాబు (1936–1996) వీణ మీద కోయిల కూతను పలికించారు. ఆయన మరో వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి శిష్యులు. ఆ కూతను వెతికి విని చూడండి. తీగ లాగుడు ఎంత దూరం వెళ్లగలదో మాటల్లో చెప్పడం నాకు చేతకాదు.

ఇక ఇంటి సాధన. ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే రోజూ ఇరవై నిమిషాలు మేలు. వేళ్ల కొసలు మొదట మండుతాయి, తర్వాత కాయలు కాస్తాయి. కొబ్బరినూనె కాస్త రాసుకుంటే వేలు తీగ మీద సులువుగా జారుతుంది. మండుతున్నా పట్టుబట్టి వాయించమని పిల్లలను బలవంతపెట్టకండి, ఆ రోజుకు పాట విననివ్వండి.

[తెరపై: మెట్ల కింద మైనం, దగ్గరగా.]

మరో మాట, ఇది చాలామందికి తెలియదు. మెట్లు మైనంలో కూర్చి ఉంటాయి. ఎండలకు మైనం మెత్తబడితే మెట్టు కదులుతుంది. అప్పుడు వేలు సరిగానే ఉన్నా స్వరం తప్పుతుంది. పిల్లకు శ్రుతిజ్ఞానం లేదని ఇంట్లో బాధపడుతుంటారు, తప్పేమో మైనానిది. పాఠానికి వచ్చిన వీణను గురువు ముందు తాను ఒకసారి వాయించి చూడాలని నేను పట్టుబట్టేది అందుకే. విజయనగరం జిల్లాలో బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయి. మెట్లు సరిచేయించాలంటే అలాంటి చేయి తిరిగినవారికే ఇవ్వండి, ఇంట్లో మైనం కరిగించే ప్రయత్నం చేయకండి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు ఫోను ద్వారా నేర్చుకుంటున్నారు. దూరం ఉన్నంత మాత్రాన పాఠం చెడదు, కానీ రెండు పనులు చేయాలి. వీడియో కాల్‌లో చుట్టుపక్కల చప్పుడును తగ్గించే అమరిక ఉంటుంది. అది వీణ నాదాన్ని కూడా చప్పుడుగా లెక్కగట్టి మింగేస్తుంది. దాన్ని ఆపేయండి. ఇక కెమెరా ముఖానికి కాదు, ఎడమచేతికి పెట్టండి, కాస్త పై నుంచి. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువుతో కలిసి వాయించడం కుదరదు. ఒకరు వాయించి ఆపాక మరొకరు వాయించాలి.

[తెరపై: మళ్లీ ఆ రెండు వేళ్లు.]

ఇప్పుడు మీరు వీణ తీసుకోండి. ఏదైనా ఒక మెట్టు దగ్గర తీగను లాగి పట్టుకోండి. ఇంకా మీటకండి. పట్టుకున్నారా? ఇప్పుడు మీటి, వదలండి.

[శబ్దం: స్వరం దిగుతుంది.]