ముందు చక్రం ఇరుసుకి సరిపోయే పానా లేనప్పుడు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. మోటార్‌సైకిల్ సమస్యల ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. మీ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి మెకానిక్ గారు సిద్ధంగా ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

శ్రోత 1: నమస్తే అండి. టైరు మార్చుదామని ముందు చక్రం విప్పబోయాను. ఇరుసు చివర బోల్టు తల లేదు, లోపలికి ఆరు పలకల గుంట ఉంది. నా దగ్గరున్న అలెన్ కీల్లో పెద్దది పెట్టినా అందులో వదులుగా తిరుగుతోంది. అంత లావు కీ ఎక్కడా దొరకట్లేదు.

మెకానిక్: గుంట కొలిచారా బాబూ?

శ్రోత 1: స్కేలు పెట్టి చూస్తే 22 ఎంఎం వచ్చిందండి.

మెకానిక్: ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు? మూల నుంచి మూలకా, పలక నుంచి పలకకా?

శ్రోత 1: మూల నుంచి మూలకేనండి.

మెకానిక్: అయితే మీది 19. పలకల మధ్య 19 ఉంటే మూలల మధ్య దాదాపు 22 వస్తుంది. పానా సైజు ఎప్పుడూ ఎదురెదురు పలకల మధ్య దూరమే. వీలైతే వెర్నియర్‌తో కొలవండి. ఇక కీ సంగతి. కీ కోసం వెతకడం మానేసి నట్లూ బోల్టులూ అమ్మే షాపుకి వెళ్లండి. రెండు బోల్టులను కలపడానికి వాడే పొడవాటి నట్టు ఉంటుంది, లాంగ్ నట్ అని అడగండి. ఎం12, అంటే 12 ఎంఎం మర ఉన్న లాంగ్ నట్టు, పలకల మధ్య 19 ఉంటుంది, పొడవు 36 దాకా వస్తుంది. సగం గుంటలోకి దూర్చి, బయట మిగిలిన సగానికి రింగు పానా వేసి తిప్పడమే.

వ్యాఖ్యాత: అంతేనా?

మెకానిక్: అంతే. కాకపోతే కొన్ని కంపెనీలు అదే ఎం12ని పలకల మధ్య 18 ఉండేలా చేస్తాయి. కొనేముందు కొలిచి తీసుకోండి. గుంటలో పెట్టి చేత్తో అటూ ఇటూ ఆడిస్తే కదలకూడదు. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా ఇరుసు మూలలు అరిగి గుండ్రమైపోతాయి. ఆ తర్వాత అసలు కీ తెచ్చినా పట్టు దొరకదు.

శ్రోత 1: లాంగ్ నట్ దొరక్కపోతే?

మెకానిక్: 19 తల ఉన్న బోల్టు తీసుకోండి, తల కింద నుంచే మరలు ఉన్నది. తల మీద 8.8 అని గుర్తు ఉండాలి, మెత్తటి బోల్టు మెలితిరిగిపోతుంది. దానికి రెండు నట్లు ఎక్కించి, రెండు పానాలతో ఒకదానికొకటి ఎదురు బిగించండి. తలని గుంటలో పెట్టండి. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. విప్పేటప్పుడు పానా లోపలి నట్టుకి వేయాలి, అంటే తలకి దగ్గరగా ఉన్నదానికి. అప్పుడు అది బయటి నట్టు మీదికి ఇంకా బిగుసుకుంటుంది. బయటి నట్టుకి వేశారో, ఆ నట్టే ఊడి చేతికొస్తుంది, ఇరుసు కదలదు. మళ్లీ బిగించేటప్పుడు దీనికి రివర్స్, బయటి నట్టు తిప్పాలి.

వ్యాఖ్యాత: నట్లని వెల్డింగ్ చేయించేస్తే ఈ గోలే ఉండదు కదా?

మెకానిక్: ఉండదు. వెల్డింగ్ అందుబాటులో ఉంటే చేయించుకోండి, జీవితాంతం ఉంటుంది. కానీ ముందు బండి మీద పెట్టి సైజు సరిపోయిందో లేదో చూసుకున్నాకే.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్. హలో, చెప్పండమ్మా.

శ్రోత 2: నమస్కారమండి. నేను బోల్టుకి నట్లు వెల్డ్ చేయించే తెచ్చుకున్నాను. పానాకి పైపు తగిలించి బలమంతా పెట్టాను. పానా వంగేలా ఉంది కానీ ఇరుసు కదలట్లేదు.

మెకానిక్: అమ్మా, ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకునే కాళ్లని ఫోర్కు అంటాం, దాని అడుగున చిన్న బోల్టులు ఉంటాయి, పించ్ బోల్టులు. అవి విప్పారా?

శ్రోత 2: ఒకటి వదులు చేశానండి.

మెకానిక్: చాలా బళ్లకి ఆ వైపు రెండుంటాయి. రెండోది వెనక తిరిగి, మురికి కింద కనపడకుండా ఉంటుంది. కొన్నిటికి అవతలి ఫోర్కుకి కూడా ఉంటాయి. గుప్పెట బిగించి కర్రని పట్టుకున్నట్టు అవి ఇరుసుని పట్టుకుంటాయి. అవి వదలనంత వరకు పైపు కాదు కదా, క్రేను పెట్టినా లాభం లేదు. పూర్తిగా ఊడదీయక్కర్లేదు, వదులు చేస్తే చాలు.

శ్రోత 2: బండిని స్టాండు వేసి ముందు చక్రం పైకి లేపి చేస్తున్నాను.

మెకానిక్: మొదటి పట్టు వదిలించేది చక్రం నేల మీద ఉన్నప్పుడేనమ్మా. గాల్లో లేపి పైపుతో గుంజితే బండి పక్కకి పడే ప్రమాదం ఉంది. కాస్త కదిలాక అప్పుడు లేపండి. ఇంకో మాట. కొన్ని మోడళ్లకి ఇరుసు మరలు ఎదురు దిశలో ఉంటాయి. మాన్యువల్ చూడకుండా బలం పెంచొద్దు, విప్పుతున్నాననుకుని బిగిస్తూ ఉంటారు. తుప్పు పట్టిందనిపిస్తే పెనిట్రేటింగ్ ఆయిల్, అంటే తుప్పులోకి ఇంకే నూనె, వేసి రాత్రంతా వదిలేయండి. డిస్కు మీద గుడ్డ కప్పి మరీ వేయండి, బ్రేకు ప్యాడ్లకి నూనె అంటితే కొత్తవి కొనాల్సిందే.

వ్యాఖ్యాత: ఇంకో కాల్ ఉంది. చెప్పండి.

శ్రోత 3: అన్నా, నాది ఇరుసు మరలు పూర్తిగా వదిలేసింది, తిరుగుతోంది, కానీ బయటికి రావట్లేదు. సుత్తితో కొట్టనా?

మెకానిక్: ఆగు తమ్ముడూ, నేరుగా సుత్తి వేస్తే చివర మరలు విచ్చుకుపోతాయి, ఇక అటూ రాదు, ఇటూ రాదు. చక్రం బరువు ఇరుసు మీద పడుతోంది, అందుకే పట్టేసింది. చక్రం కింద చెక్క దూర్చి కొంచెం లేపు. బరువు తేలిపోతే ఇరుసుని మెల్లగా తిప్పుతూ లాగితే చేతికే వచ్చేస్తుంది. అప్పటికీ రాకపోతే దానికన్నా సన్నటి అల్యూమినియం రాడ్డు గానీ గట్టి చెక్క గానీ పెట్టి చిన్నగా తట్టు. ఏబీఎస్ బండా?

శ్రోత 3: అవునన్నా.

మెకానిక్: చక్రం దగ్గరుండే ఏబీఎస్ సెన్సార్ వైరు లాగేయకు. కాలిపర్‌ని, అంటే ప్యాడ్లతో డిస్కుని నొక్కే బ్రేకు భాగాన్ని, బ్రేకు గొట్టానికి వేలాడదీయకు, తాడుతో కట్టి ఉంచు. చక్రం బయట ఉన్నప్పుడు బ్రేకు లీవరు ఎవర్నీ నొక్కనివ్వకు. ముఖ్యంగా పిల్లలు ఊరికే ఉండరు, నొక్కితే పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. స్పేసర్లు, అంటే ఇరుసు మీద చక్రం పక్కన ఉండే గొట్టం ముక్కలు, ఏది ఏ వైపుదో ఫోన్‌తో ఫోటో తీసుకో.

శ్రోత 3: తిరిగి బిగించేటప్పుడు కూడా ఈ నట్టు పానా సరిపోతుందా?

మెకానిక్: బిగింపు మాన్యువల్‌లో ఇచ్చిన టార్కుకే, అంటే తిప్పే బలానికే, ఉండాలి, చేతి అంచనా కాదు. లాంగ్ నట్టు అయితే ఇబ్బంది లేదు, బయట ఉన్న పలకలకి అదే సైజు సాకెట్ తగిలించి టార్కు రెంచితో బిగించొచ్చు. రెండు నట్ల బోల్టుతో అంత టార్కు ఇస్తే నట్లు జారొచ్చు, నేనైతే దాన్ని విప్పడానికే వాడతాను. ఇరుసుకి పల్చగా గ్రీజు రాసి ఎక్కించు. మొదట ఇరుసు బిగించు. బండి నేల మీదకి దించి, ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కుని నాలుగైదు సార్లు గట్టిగా కిందికి నొక్కి వదులు. అప్పుడు ఫోర్కు కాళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి. పించ్ బోల్టులు చివరికి బిగించాలి.

శ్రోత 3: కాలిపర్ ఎప్పుడు?

మెకానిక్: ఫోర్కు నొక్కే ముందే. బిగించాక లీవరు పంపు చేయి. మొదటి రెండు మూడు సార్లు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, గట్టిపడేదాకా చెయ్యి. గట్టిపడకుండా బండి ఎక్కకు.