ఎర్రబడిన వాల్వు తప్పేమీ చేయలేదు

నమస్కారం. ముందు ఈ వాల్వును, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాన్ని చూడండి. మధ్యలో సన్నగా నారింజ రంగులో వెలుగుతున్నది హీటరు. అది వెలగాల్సిందే. దాని చుట్టూ ఉన్న బూడిదరంగు రేకును ప్లేటు అంటాం. అదిగో, ఆ రేకు కుంపట్లో బొగ్గులా ఎర్రబడుతోంది, చూశారా? అది మాత్రం కూడదు. ఇదిగో, స్విచ్ ఆపేశాను. పాట బాగానే వస్తోంది కదా అని వింటూ కూర్చుంటే, స్పీకరుకు పాటను అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆశ వదులుకోవాల్సిందే. దాన్ని మళ్లీ చుట్టించడం ఎంత తలనొప్పో చుట్టించినవాళ్లకు తెలుసు.

ఇది పాత మైకు సెట్టు ఆంప్లిఫయరు. రెండు ఈఎల్34 రకం వాల్వులు, చెరో సగం పని పంచుకునే పుష్-పుల్ పద్ధతిలో. తెచ్చినాయన "వాల్వు పోయిందండీ, రెండు నెలల్లో ఇది రెండోది" అన్నారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. ఒకే సాకెట్లో వాల్వులు వరుసగా పోతున్నాయంటే, తప్పు వాల్వులో వెతికి లాభం లేదు.

చల్లారాక రెండు వాల్వులనూ అటుదిటు, ఇటుదటు మార్చాను. ఎరుపు వాల్వుతో పాటు పక్కకు వెళ్లలేదు, అదే సాకెట్లో ఉండిపోయింది. కొత్త వాల్వు కొనాలన్న ఆలోచన అక్కడితో పక్కన పెట్టేయవచ్చు.

అడుగు రేకు విప్పేముందు ఒక మాట. ప్లగ్గు పీకేసినా ఫిల్టర్ కండెన్సర్లలో 400 వోల్టులు అలాగే నిలిచి ఉండవచ్చు. 10 కిలో ఓమ్‌ల పెద్ద వాట్ల రెసిస్టరుకు ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు తగిలించి, దాని ద్వారా ఖాళీ చేసి, మీటరు సున్నా చూపించాకే చేయి పెట్టండి. కొందరు స్క్రూడ్రైవరుతో షార్ట్ చేస్తారు. కుర్రతనంలో నేనూ చేశాను. ఇదిగో ఆ స్క్రూడ్రైవరు, మొన మీద గుంట ఇంకా ఉంది.

ఇప్పుడు అసలు పరీక్ష. రెండు వాల్వులూ తీసేసి, 5వ పిన్ను దగ్గర, అంటే కంట్రోల్ గ్రిడ్ దగ్గర డీసీ వోల్టేజీ చూస్తున్నాను. మీటరు క్లిప్పులు ముందే తగిలించి, ఆ తర్వాతే స్విచ్ వేశాను. వాల్వులు లేకపోతే హెచ్‌టీ, అంటే ప్లేట్లకు వెళ్లే హై వోల్టేజీ పెరుగుతుంది, కాబట్టి అంకె చూసిన వెంటనే ఆపేయాలి. మంచి సాకెట్లో మైనస్ 36. రెండోదాంట్లో మైనస్ 14! గ్రిడ్ మీద ఉండి, ప్లేటుకు వెళ్లే కరెంటును అదుపులో పెట్టే నెగెటివ్ వోల్టేజీ సగానికి పైగా మాయమైంది. పగ్గం వదిలితే కరెంటు పరుగెత్తక ఏం చేస్తుంది? ప్లేటు ఎర్రబడింది అందుకే.

ఆ గ్రిడ్‌కు పాజిటివ్ ఎక్కడి నుంచి వస్తోంది? ముందు దశ వాల్వు ప్లేటుకూ ఈ గ్రిడ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్ కండెన్సరు ఉంది. మైనం పూసిన పాత కాగితం రకం. పాటను పోనిచ్చి డీసీని ఆపడం దాని పని. దాని ఒక కాలు ఊడదీసి మళ్లీ చూశాను. మైనస్ 36 వచ్చేసింది. దొంగ దొరికాడు.

చిత్రం ఏమిటంటే, ఇదే కండెన్సరును మీటరు ఓమ్స్‌లో పెట్టి చూస్తే ఏ లోపమూ కనబడదు. మీటరు ఇచ్చేది రెండు మూడు వోల్టులే. ఇక్కడ దాని మీద పడుతున్నది 250 వోల్టులకు పైనే. లీకయ్యేది ఎంతో లెక్క వేద్దామా? 220 కిలో ఓమ్‌ల గ్రిడ్ రెసిస్టరు మీద 22 వోల్టుల తేడా, అంటే 0.1 మిల్లీ ఆంపియరు. అంత చిన్న కరెంటు చేసిన పనికి, రెండు వాల్వులు పోయాయని అనుకున్నారు.

630 వోల్టుల పాలీప్రొపిలీన్ కండెన్సర్లు వేశాను, రెండు వైపులా. రెండోదీ అదే వయసుది, దాన్ని నమ్మలేను. వాల్వులో పారే కరెంటును కొలవడానికి, ఒక్కో వాల్వు కాథోడ్‌కూ చాసిస్‌కూ మధ్య 10 ఓమ్‌ల రెసిస్టరు చేర్చాను. స్పీకరు తగిలించి, ఇంకా లోపముంటే కరెంటును బల్బు అడ్డుకునేలా, మొదట 100 వాట్ల బల్బున్న సిరీస్ బోర్డు మీద వేశాను. బల్బు ఒకసారి వెలిగి మందగించింది. ఆ తర్వాత నేరుగా కరెంటు ఇచ్చాను. రెసిస్టరు మీద 0.35 వోల్టులు, అంటే 35 మిల్లీ ఆంపియర్లు. హెచ్‌టీ 430తో లెక్కేస్తే 15 వాట్లు. ఈ వాల్వు ప్లేటు 25 వాట్ల దాకా భరిస్తుంది.

ఆయన రెండు నెలల కిందట "పోయిన" వాల్వును కూడా కాగితంలో చుట్టి తెచ్చారు. గాజు లోపలి వెండి పూత ఇంకా మెరుస్తోంది. గాలి చొరబడి ఉంటే పాలలా తెల్లబడేది. సరే చూద్దామని సాకెట్లో పెట్టాను. మీటరు చూడండి, 0.33 వోల్టులు. బతికే ఉంది.