బిల్లును తిట్టుకుంటూనే కడతాం

మిత్రులారా,

తన మొబైల్ కంపెనీ మీద ఏ ఫిర్యాదూ లేనివారు ఈ సభలో చేయెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు అనుమానమే. కంపెనీ మార్చారా అని అడిగినా అంతే. ఈ రెండో మౌనాన్ని కంపెనీలు విశ్వాసంగా లెక్క వేసుకుంటాయి. నాకది మింగుడుపడదు.

ఒకప్పుడు కారణం స్పష్టంగా ఉండేది. కంపెనీ మారితే నంబరు పోయేది. ఆ చిక్కు తీర్చడానికే నంబరు పోర్టబిలిటీ వచ్చింది: బ్రిటన్‌లో 1999లో, అమెరికాలో 2003లో, భారతదేశమంతటా 2011లో. అయినా కదలనివారు కదలలేదు.

ఎందుకని? శామ్యూల్‌సన్, జెక్‌హౌజర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1988లోనే ఒక సంగతి చూపించారు. ఒకే ఎంపికను 'ఇది మీకు ఇప్పటికే ఉన్నది' అని చూపిస్తే, దాన్ని ఎంచుకునేవారు పెరుగుతారు. వచ్చే లాభం కన్నా పోయే నష్టమే మనసుకు బరువని కానమన్, ట్వర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అంతకుముందే, 1979లో రాశారు. కొత్త ప్లాన్‌తో నెలనెలా మిగిలేది కాస్తంత. మారే రోజున ఫోను మూగబోయి, బ్యాంకు ఓటీపీ రాకపోతే? ఆ భయం కొండంత. పైగా పాత నెట్‌వర్క్ లోపాలు మనకు తెలిసినవే. ఇంట్లో ఏ మూల నిలబడితే మాట తెగిపోతుందో కూడా తెలుసు. కొత్తదాని లోపాలు చేరాకే తెలుస్తాయి.

దీన్ని బద్ధకం అనకండి. ఒకరి ప్లాన్‌లో డేటా ఎక్కువ, మరొకరి దాంట్లో గడువు ఎక్కువ, ఇంకొకరిది పరిమితి దాటగానే నత్తనడక. వీటిని పోల్చడానికి ఓ సాయంత్రం పడుతుంది. కుటుంబమంతా ఒకే ప్లాన్‌లో ఉంటే అందరినీ ఒప్పించాలి. ఫోను వాయిదాలు మిగిలి ఉంటే ఆ మాటే ఎత్తనక్కర్లేదు.

నన్ను చిరాకు పెట్టేది వేరే ఉంది. వెళ్లిపోతామని బెదిరించినవారికి రాయితీ దొరుకుతుంది, నోరు మెదపనివారు పూర్తి ధర కడతారు. నెల బిల్లులోనే కలిపి కట్టే ఫోను ఖరీదు తీరిపోయాక కూడా పాత బిల్లే కడుతున్నవారు ఉన్నారని బ్రిటన్‌లోని సిటిజెన్స్ అడ్వైస్ అనే ఉచిత సలహా సంస్థ బయటపెట్టింది. 2018లో ఈ 'విశ్వాసపు జరిమానా' మీద కంపెనీల మధ్య పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు కూడా చేసింది. మరుసటి ఏడాది నుంచి అక్కడ ఒక్క ఎస్సెమ్మెస్ పంపితే చాలు, మారడానికి కావలసిన కోడ్ వస్తుంది. ఆపడానికి బతిమాలే ఉద్యోగితో మాట్లాడే పని తప్పింది. 2020 నుంచి, ఒప్పందం ముగియబోతోందని కంపెనీయే ముందుగా కబురు పంపాలి, తన దగ్గరున్న మెరుగైన ప్లాన్లూ చెప్పాలి.

ఆ కబురును ఎంతమంది తెరిచి చదువుతారన్నది వేరే సంగతి.