స్పితి లోయకు సిమ్లా దారి

శ్రోతలకు నమస్కారం. హిమాచల్ ప్రదేశ్‌లో, టిబెట్ సరిహద్దును ఆనుకుని స్పితి అనే లోయ ఉంది. అక్కడి మాట, మతం, తిండి, ఇంటి కట్టుబడి అన్నీ టిబెట్‌వే. మన దేశస్థులకు పర్మిట్ అక్కర్లేదు. ఇంటిల్లిపాదీ కారులో వెళ్లి రావచ్చు. ఎలా వెళ్లాలో ఈరోజు చెప్పుకుందాం.

లోయలోకి దారులు రెండు. మనాలి నుంచి కుంజుమ్ కనుమ మీదుగా వచ్చే దారి దగ్గర. సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా వచ్చేది చుట్టు. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే చుట్టుదారిలోనే లోపలికి వెళ్లండి, తిరిగి వచ్చేటప్పుడు మనాలి వైపు దిగండి. మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. అక్కడ పొద్దున బయల్దేరినవాళ్లు అదే రోజు 4,551 మీటర్ల కుంజుమ్ దాటి, 3,650 మీటర్ల ఎత్తున్న స్పితి ముఖ్య పట్టణం కాజాలో పడుకుంటారు. పల్చటి గాలికి ఒళ్లు అలవాటుపడే వ్యవధే ఉండదు. స్పితిలో చాలా కుటుంబాల ప్రయాణం మొదటి రాత్రే చెడేది ఇందుకే.

మూడు వేల మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి చోటు కన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. సిమ్లా దారిలో ఇది దానంతటదే కుదురుతుంది. నార్కండలో ఒక రాత్రి, 2,960 మీటర్ల కల్పాలో రెండు రాత్రులు. మర్నాడు 3,660 మీటర్ల నాకో మీదుగా వెళ్లి, దిగువన 3,280 మీటర్ల దగ్గరున్న తబోలో పడక. ఆ తర్వాతే కాజా. కాజాలో మూడు రాత్రులు ఉండండి. కీ మఠం, లాంగ్జా, హిక్కిమ్, కోమిక్ ఊళ్లు పగలు చూసి రాత్రికి కాజాకే దిగిపోండి.

తలనొప్పి, కడుపులో తిప్పడం, ఆకలి చచ్చిపోవడం ఎత్తు పడలేదనడానికి తొలి గుర్తులు. చిన్నపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు, ఊరికే పేచీ పెడతారు, తిండి తోసేస్తారు. దాన్ని మారాం అనుకోవద్దు, ఎత్తు వల్లే అనుకోండి. ఆ రోజు ఇంకా పైకి వెళ్లకండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట తడబడినా, మడమకు వేళ్లు ఆనిస్తూ తిన్నగా నడవమంటే తూలినా తెల్లారేదాకా ఆగకుండా కిందికి దించేయాలి. ఆక్సిజన్ సిలిండర్ దారిలో ఆసరా మాత్రమే, దిగడానికి బదులు కాదు. ఎత్తుకు ఒళ్లు అలవాటుపడేందుకు ఇచ్చే అసిటజోలమైడ్ మాత్ర డాక్టరు చెబితేనే వాడాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. నిద్రమాత్రలు, మద్యం వద్దు.

ఇక వెళ్లే కాలం. స్పితిలో వాన తక్కువ. కానీ అక్కడికి చేర్చే కిన్నౌర్ రోడ్డు మీద జులై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగిపడతాయి. నాకో దగ్గర మలింగ్ వాగు పక్కన వదులు మట్టి, రాళ్లు దొర్లుతుంటాయి. అక్కడ ఫొటోల కోసం కారు ఆపొద్దు. సెప్టెంబర్ అన్నిటికన్నా మంచి నెల. ట్యాంకు కిన్నౌర్‌లోనే నింపుకోండి, మళ్లీ కాజాలో. ఏటీఎంను నమ్ముకోకుండా నగదు పెట్టుకోండి.

తబోకు ఒక పూట పూర్తిగా ఇవ్వండి. 996లో కట్టిన మఠం. బయటికి ఉత్త మట్టిగోడలే. లోపల చీకటి, ఫొటోలు తీయనివ్వరు. గుమ్మం దగ్గర రెండు నిమిషాలు నిలబడితే కళ్లు సర్దుకుంటాయి. అప్పుడు గోడల నుంచి ముందుకు పొడుచుకొచ్చినట్టు కూర్చున్న మట్టి దేవతలు, వాళ్ల కింద బొమ్మల వరుస కనిపిస్తాయి. దక్షిణం వైపున్నది సుధనుడి కథ. జ్ఞానం కోసం ఒక గురువు నుంచి మరో గురువు దగ్గరికి తిరిగిన వర్తకుడి కొడుకు అతను. ఆ ప్రయాణం మొదలైన ధాన్యాకరం మన ధాన్యకటకమేనని, అంటే అమరావతేనని చాలామంది పండితుల అభిప్రాయం. 1996లో తబో వెయ్యేళ్ల సందర్భంగా ఇక్కడ కాలచక్ర అనే బౌద్ధ దీక్షలిచ్చిన దలైలామా, 2006 జనవరిలో అమరావతిలోనూ ఇచ్చారు. తెలుగువాళ్లు ఆ గోడ ముందు కాస్త ఎక్కువసేపు నిలబడాలి. మఠాల్లో, రాళ్ల మీద మంత్రాలు చెక్కిన మణి గోడల దగ్గర, మన గుళ్లో లాగే అవి కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణంగా నడవాలి.

లాంగ్జా దగ్గర నల్లరాళ్లలో చుట్టలు తిరిగిన శిలాజాలు దొరుకుతాయి. హిమాలయాలు లేవకముందు అక్కడున్న సముద్రపు జీవులవి. గండకీ నది సాలగ్రామాలూ ఆ జాతివే. పిల్లలకు చూపించండి, కొనకండి.

ఊళ్లలో ఇళ్లల్లోనే బస దొరుకుతుంది. వెన్న, ఉప్పు వేసిన టీ ఇస్తారు. కప్పు ఖాళీ అయితే మళ్లీ పోస్తారు, చాలనుకుంటే నిండుగా వదిలేయండి. చాలా ఇళ్లలో మరుగుదొడ్డి పొడిది. నీళ్లు పోయకూడదు, పక్కనున్న మట్టి పారతో వేయాలి. చలికాలంలో పైపులు గడ్డకడతాయి, పైగా ఆ దొడ్లో తయారైన ఎరువే బార్లీ, బఠానీ చేలకు వెళుతుంది. నీళ్లు పోస్తే ఎరువు పాడవుతుంది. వంట చేసుకునేవాళ్లకు కుక్కర్ తప్పనిసరి. నాలుగు వేల మీటర్ల దగ్గర నీళ్లు 87 డిగ్రీలకే మరుగుతాయి, గిన్నెలో కందిపప్పు ఎంతసేపున్నా ఉడకదు. ఆవకాయ ప్యాకెట్లు బూరల్లా ఉబ్బుతాయి. నిటారుగా పట్టుకుని, మూల కొద్దిగా కత్తిరించి గాలి వదలండి. లేకపోతే నూనె చిమ్ముతుంది.

మనాలి వైపు దిగేటప్పుడు చివరి రాత్రి చంద్రతాల్ సరస్సు దగ్గర, 4,250 మీటర్ల పైన. కాజా కన్నా 600 మీటర్లు ఎత్తు, అంటే ముందు చెప్పిన 500 మీటర్ల హద్దు ఇక్కడ దాటుతాం. అందుకే కాజాలో మూడు రాత్రులూ ఎవరికీ ఇబ్బంది లేకపోతేనే అక్కడ పడుకోండి. సరస్సు గట్టున గుడారాలు వేయనివ్వరు, కాస్త దూరంలో వేస్తారు. అక్కడి నుంచి బాతల్, ఛత్రు మీదుగా గ్రాంఫూ దాకా రోడ్డంతా బండరాళ్లు, వాగులు. ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి, పొద్దున మడమ లోతున్న వాగు మధ్యాహ్నానికి మోకాలి దాకా వస్తుంది. చిన్న కార్లు ఆగిపోయేది అక్కడే. కాజా నుంచి మనాలి వెళ్లే ప్రభుత్వ బస్సు కూడా తెల్లవారుజామునే బయల్దేరుతుంది. మీరూ చీకటితోనే సామాను కట్టేయండి.