ఆకాశవాణి మావుసి
(ఒడిశాలోని జయపురం తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను.

నాకిచ్చిన అంశం మన ఊరి రేడియో కేంద్రం చరిత్ర. తేదీలు త్వరగా చెప్పేస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ కోరాపుట్ కొండలు విశాఖ జిల్లాలోవే. కటక్ కేంద్రం 1948లో, విశాఖ కేంద్రం 1963లో మొదలయ్యాయి. మన జయపురం కేంద్రం ఆ మరుసటి ఏడు, 1964లో వచ్చింది. మీడియం వేవ్‌లో మనది 1467 కిలోహెర్ట్జ్, విశాఖది 927. ఈ రెండు అంకెల మధ్యే మా అమ్మ సంసారం నడిచింది.

పగలు విశాఖ సరిగా అందేది కాదు. మధ్యలో కొండలు. ఆకాశంలో కింది పొర ఎండ ఉన్నంతసేపూ ఈ తరంగాలను మింగేస్తుంది, పొద్దుగూకితే అది పలచబడి పైపొర నుంచి తిరిగొస్తాయి. అమ్మకు ఇదంతా తెలియదు. ట్రాన్సిస్టర్‌ను బియ్యం డబ్బా మీద పెట్టి, అటూ ఇటూ తిప్పి, తెలుగు బాగా పలికిన చోట మూత మీద సుద్దముక్కతో గీత గీసింది. డబ్బా తుడిస్తే నాకు దెబ్బలే.

పగలంతా మాత్రం జయపురమే. అమ్మకు ఒడియా అక్షరం రాదు. కటక్ నుంచి రిలే అయ్యే వార్తలు వింటూనే భాష నేర్చుకుంది. ఒకరోజు సంతలో వంకాయల గంప ముందు కూర్చుని, వార్తలు చదివే గొంతుతో "ఏహార మూల్య కేతే?" అంది, అంటే 'దీని మూల్యమెంత?' అని. ఈ కొండల వాడుక ఒడియా అయిన దేశియా మాట్లాడే ఆ కూరగాయలమ్మి పడీ పడీ నవ్వింది. అప్పట్నుంచి సంతంతా అమ్మను 'ఆకాశవాణి మావుసి' అనేవాళ్లు. మావుసి అంటే పిన్ని. తూకం మీద రెండు వంకాయలు ఎక్కువే పడేవి లెండి! ఆ తరవాత అదే రేడియోలో దేశియా పాటలు విని అమ్మ భాష మార్చుకుంది, కొసరు వంకాయలు మాత్రం ఆగలేదు.

చరిత్ర చెప్పమంటే వంకాయల దగ్గర ఆగాను. ఆగడానికి కారణముంది. "మన ఊరి రేడియోలో మన భాష లేదు" అని ఈ సంఘంలో నలభై ఏళ్లుగా వింటున్నాను. చేతులెత్తండి, ఆ కేంద్రానికి ఒక్క ఉత్తరమైనా రాసినవాళ్లు ఎందరు? నేనూ ఎత్తడం లేదు, చూడండి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు పుట్టింది మన బరంపురంలోనే అని చెప్పుకుని మురిసిపోతాం. పదిహేను పైసల కార్డు కొని రాయడానికి మాత్రం బద్ధకించాం.

గంట కొట్టారు, విన్నాను. ఒక్క నిమిషం. మీ ఇళ్లలో పాత క్యాసెట్లు ఉంటే, రేడియోలో పాడినవాళ్లు, మాట్లాడినవాళ్లు, నాటకం వేసినవాళ్లు ఎవరైనా ఉంటే, భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. నోటు పుస్తకం తెచ్చాను. చివరి బంతిలో కూర్చుంటాను.