చౌడు మట్టి బ్యాక్టీరియా జీనోమ్‌ల రంగు జీన్లు ఎట్ల వెతకాలె?

నమస్తే అందరికీ. ఉప్పుల బతికే బ్యాక్టీరియా అనంగనే సముద్రమో ఉప్పు మళ్లో గుర్తొస్తయి గానీ, మన వరంగల్ దిక్కు గూడ చెరువు కింద నీళ్లు ఇంకని పొలాలల్ల ఎండాకాలం తెల్లగ చౌడు తేలుతది చూడుండ్రి, అసొంటి మట్టి తెచ్చి 10 శాతం ఉప్పు కలిపిన అగార్ (బ్యాక్టీరియా పెంచే జెల్లీ) మీద వేసి చూడొచ్చు.

ఈ బ్యాక్టీరియా మెల్లగ పెరుగుతయి, ప్లేట్లు ఎండకుండ కవర్ల పెట్టుండ్రి. ఎండితే అగార్ మీద ఉప్పే చుక్కలు చుక్కలుగ తేలుతది, కాలనీ (బ్యాక్టీరియా గుంపు) అనుకునేరు! లూప్ (కొస వంపు తిరిగిన సన్న తీగ) తోటి ముట్టుకుంటే ఉప్పు గరుకుగ తగుల్తది, కాలనీ మెత్తగ అంటుకుంటది. నారింజ రంగు కాలనీ ఒక్కటి తీసుకొని, ప్యూర్ అయ్యేదాక మల్ల మల్ల కొత్త ప్లేట్ మీద గీతలుగ పూయాలె (స్ట్రీక్), రెండు రకాలు కలిస్తే జీనోమ్ (బ్యాక్టీరియా మొత్తం డీఎన్‌ఏ) అంత ఆగమాగం.

డీఎన్‌ఏ తీసేటప్పుడు 70 శాతం ఇథనాల్‌తోటి మంచిగ కడగండ్రి, ఉప్పు మిగిలితే లైబ్రరీ ప్రెప్ (డీఎన్‌ఏను సీక్వెన్సింగ్‌కు తయారుచేసుడు) ఎంజైమ్‌లు సరిగ్గ పనిచేయవు. నానోడ్రాప్ మెషిన్‌ల 260/280 (డీఎన్‌ఏ ఎంత శుద్ధమో చెప్పే నిష్పత్తి) 1.8 వచ్చింది గదా అని ఊకోవద్దు, డీఎన్‌ఏ ఎంతుందో క్యూబిట్ మెషిన్‌ల గూడ కొలవాలె.

తర్వాత సీక్వెన్సింగ్, అంటే డీఎన్‌ఏ అక్షరాలు (బేస్‌లు) చదువుడు. 40 లక్షల బేస్‌ల జీనోమ్‌కు 100 రెట్ల కవరేజ్ (ఒక్కో బేస్‌ను సగటున 100 సార్లు చదువుడు) అంటే 40 కోట్ల బేస్‌ల డేటా. ఇగ సాఫ్ట్‌వేర్‌ల పని: ఫాస్ట్‌క్యూసీల క్వాలిటీ చూసి, స్పేడ్స్‌ల ముక్కలన్నీ కలిపి (అసెంబుల్), చెక్‌ఎమ్‌ల కల్తీ ఉందా చూసి, ప్రోక్కాకు ఇస్తే జీన్లకు పేర్లు పెడ్తది.

ఇగ అసలు సంగతి. చానామంది కెరోటినాయిడ్ (పసుపు, నారింజ, ఎరుపు రంగు పదార్థం) చేసే సీఆర్‌టీ-బీ, సీఆర్‌టీ-ఐ జీన్ల పేర్లే సెర్చ్ కొట్టి, దొరకకపోతే రంగు జీన్లు లేవని రాసేస్తరు. అట్ల చేయొద్దు. ఆ జీన్లు రంగు తయారుచేసే దారిల ముందు ఫైటోయీన్ తయారైతది, దానికి రంగే ఉండదు, సీఆర్‌టీ-ఐ దాన్ని ఎర్రటి లైకోపీన్ చేస్తది, ఇవన్నీ 40 కార్బన్ల కెరోటినాయిడ్లు. కానీ స్టెఫైలోకాకస్, ప్లానోకాకస్ అసొంటి బ్యాక్టీరియాల 30 కార్బన్ల దారి ఉంటది, అక్కడ సీఆర్‌టీ-ఎమ్, సీఆర్‌టీ-ఎన్ వెతకాలె. అవి దొరికితే ఒక్క జీన్‌తోటి ఆగకుండ పక్కనున్న జీన్లు గూడ చూడుండ్రి, ఒకే దారివి తరచుగ పక్కపక్కనే ఉంటయి.

ఉప్పుకెట్ల తట్టుకుంటదో గూడ ప్రోక్కా ఇచ్చిన ఇదే ఫైల్‌ల చూడొచ్చు: ఎక్ట్-ఏ, బీ, సీ జీన్లు మూడూ ఉంటే ఎక్టోయిన్ (ఉప్పు నుంచి కణాన్ని కాపాడే పదార్థం) చేసుకునే అవకాశం ఉన్నట్టే.

జీన్ ఉన్నంత మాత్రాన రంగు అదే అని రాయొద్దు మల్ల. కణాలను మిథనాల్‌ల నానబెట్టి, రంగు దిగినంక స్పెక్ట్రోఫోటోమీటర్‌ల 350 నుంచి 600 నానోమీటర్ల దాక స్కాన్ చేయండ్రి, కెరోటినాయిడ్ అయితే 400–500 మధ్య శిఖరాలు కనబడ్తయి.